ఎడబాటుక్కూడా ఒక పాట ఉండేది

మా రోజుల్లో పాట కోసమే సినిమాకి వెళ్లేవాళ్లం. ఇప్పుడు పాట మొదలైతే హాల్లో సగం మంది ఫోన్లు తీస్తారు, మిగతా సగం బయటికి పోతారు. ఇంట్లోనైతే మనవలు ముందుకి జరిపేస్తారు. "తాతయ్యా, పాటలో కథేం ఉండదు" అంటారు. తప్పు వాళ్లది కాదు, అలాంటి పాటలు తీసేవాళ్లది.

1964లో నెల తిరక్కుండా రెండు సినిమాలొచ్చాయి. జనవరి ఆఖర్న ఆదుర్తి సుబ్బారావు గారి "మూగమనసులు", ఫిబ్రవరిలో ఫ్రాన్సులో జాక్ డెమీ తీసిన "షెర్బూర్ గొడుగులు". ఒకటి మన గోదారి కథ, రెండోది సముద్రపు రేవు కథ. రెండింట్లోనూ దక్కని ప్రేమే.

ఆ ఫ్రెంచి సినిమాలో మామూలు మాట ఒక్కటీ లేదు. గ్యారేజీలో బండి రిపేరు సంగతైనా మిషెల్ లెగ్రాన్ కట్టిన వరసలోనే పాడతారు. గొడుగుల కొట్టావిడ కూతురు, గ్యారేజీ కుర్రాడు ప్రేమించుకుంటారు. అతన్ని అల్జీరియా యుద్ధానికి పంపుతారు. ఉత్తరాలు తగ్గిపోతాయి. కడుపుతో ఉన్న పిల్ల ఇంకొకర్ని పెళ్లాడుతుంది. చివర్లో మంచు కురుస్తుండగా పెట్రోలు బంకులో ఇద్దరూ ఎదురుపడతారు. బంకు కుర్రాడు ఏ రకం పెట్రోలు పొయ్యమంటారని అడిగేదీ పాటే. కారులో కూర్చున్న తమ పాపని చూస్తావా అని ఆమె అడిగితే ప్రియుడు వద్దంటాడు. అంతే, కారు వెళ్లిపోతుంది.

ఇది చూసి మా కుర్రాళ్లు "మాటలు కూడా పాడతారేంటి!" అని నవ్వారు. మాకేం వింతగా లేదు. తీర్థాల్లో వేసే హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను తెల్లవారుజాము దాకా పద్యాల్లోనే నడిచేది. వన్స్‌మోర్ అంటే ఏడుపు పద్యమైనా మళ్లీ ఎత్తుకునేవారు. దుఃఖాన్ని పాడాలని మాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

డెమీ సినిమాని మూడు భాగాలు చేశాడు: వెళ్లడం, లేకపోవడం, తిరిగిరావడం. మనిషి లేకపోవడానికి ఒక భాగం మొత్తం ఇచ్చాడు! మా ఐ.పోలవరం వాళ్లకి ఆ ఎదురుచూపు తెలుసు. గోదారి మీద ఎదుర్లంక రేవు, అవతల యానాం. 1954 దాకా అక్కడ ఫ్రెంచి పాలనే. అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉండేది గానీ, పంటు వస్తేనే దాటడం. ఇప్పుడు వారధి మీద నిమిషాల్లో దాటేస్తున్నారు. సుఖమే, కాదనను. సినిమాల్లో కూడా విరహాన్ని అలాగే దాటించేస్తున్నారు, అదీ నా బాధ.

"మూగమనసులు"లో పడవ నడిపే గోపి రాధమ్మకి రోజూ పువ్విస్తాడు. మనసులో మాట మాత్రం చెప్పలేడు. అతను చెప్పలేనిదంతా మహదేవన్ గారి బాణీల్లో మనకి తెలిసిపోతుంది. ఆ పాటలు తీసేస్తే కథే లేదు. హాలు దగ్గర పాటల పుస్తకం కొంటే సగం కథ రాసి "తరవాయి వెండితెరపై చూడండి" అనేవారు. ఆ సగం కథతో పాటు పాటలన్నీ నోటికొచ్చేవి మాకు.

నేటి దర్శకులకి నేను చెప్పేది ఒకటే. మీ పాత్ర ఏ మాట నోటితో చెప్పలేదో అక్కడ పాట పెట్టండి. విడిపోయిన మనుషుల దగ్గర మూడు నిమిషాలు ఆగండి. అప్పుడు మా మనవలు ఆ పాటని ముందుకి జరపరు, వెనక్కి తిప్పి మళ్లీ వింటారు.