మట్టిపాలు

మా ఆవిడ దృష్టిలో స్థలమంటే బీరువాలో ఉన్న రిజిస్ట్రేషను కాగితం. ఇంజనీరు దృష్టిలో భూమికి పది అడుగుల లోతున ఉన్నది. ఈ రెంటికీ మధ్యనున్న పైపొర మాత్రం చాలా ఏళ్లుగా సర్కారు తుమ్మ అనుభవంలో ఉంది.

వంటచెరకు కరువు తీరుతుందని 1870లలో తెల్లదొరలు అమెరికా ఖండాల నుంచి ఈ తుమ్మను తెప్పించారు. 1947లో దొరలు వెళ్లిపోయారు. తుమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నరికితే మోడులోంచి మళ్లీ చిగురేస్తుంది. వేళ్లతో సహా పెకలించాలంటే జేసీబీ రావాలి. జేసీబీ వస్తే జనం రావాలి. ఒకాయన చెయ్యెత్తి డ్రైవరును ఆపి, బకెట్‌ ఎలా దించాలో వివరించాడు. డ్రైవరు బీడీ ముట్టించి ఓపిగ్గా విన్నాడు. ఆయనకేం, గంటల లెక్క నాది.

తర్వాత మట్టి పరీక్ష. 63.5 కిలోల గుండును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, గొట్టం నేలలోకి దిగడానికి ఎన్ని దెబ్బలు పడతాయో లెక్కపెడతారు. మొదటి 15 సెంటీమీటర్ల దెబ్బలు జమలోకి రావు. ఆ తర్వాతి 30 సెంటీమీటర్లవే లెక్క. ఎన్ని దెబ్బలు కాస్తే అంత గట్టి నేలట. ఆ లెక్కన మధ్యతరగతి సంసారి నెత్తిన పది అంతస్తులు కట్టొచ్చు.

మాది గుంటూరు పక్క నల్లరేగడి. పత్తికి బంగారం, గోడకు యముడు. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది, రెండుసార్లూ గోడను కదుపుతుంది. దీనికి విరుగుడుగా పునాదికి అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్స్‌ వేయాలని, వాటిని రూర్కీ పరిశోధనా సంస్థ వాళ్లు అభివృద్ధి చేశారని ఇంజనీరు చెప్పాడు. "పక్కింటివాళ్లు ఇవేవీ లేకుండానే కట్టేశారుగా!" అన్నాడు మా బావమరిది. వాళ్ల హాల్లో వేంకటేశ్వరస్వామి క్యాలెండరు అంత వంకరగా, అంత కిందికి ఎందుకు తగిలించారో అప్పుడే నాకు వెలిగింది.

ఇక వాలు. ఈశాన్యం పల్లంగా, నైరుతి మెరకగా ఉండాలన్నాడు సిద్ధాంతి. మునిసిపాలిటీ కాలువేమో నైరుతి మూలనుంది. "కాలువను మార్పించండి" అన్నాడు సిద్ధాంతి. "సిద్ధాంతిని మార్పించండి సార్‌" అన్నాడు ఇంజనీరు. చివరికి రాజీ కుదిరింది. స్థలమంతా రోడ్డుకన్నా ఎత్తు లేపాలి. నేల ఈశాన్యానికి వాలాలి. అక్కడికి చేరిన నీళ్లు పైపులో ఇంటి చుట్టూ ప్రదక్షిణ చేసి నైరుతి కాలువలో కలవాలి. శాస్త్రం నెగ్గింది, సైన్సు నెగ్గింది, ప్లంబరు బాగుపడ్డాడు.

ఎత్తు లేపాలంటే ముందు పైనున్న నల్లమట్టి తీసెయ్యాలి. తీసుకెళ్లినందుకు టిప్పరువాడికి డబ్బిచ్చాను. గ్రావెల్‌ తెచ్చినందుకూ వాడికే ఇచ్చాను. నా నల్లమట్టిని వాడు దారిలో ఎవరి పెరటికో అమ్ముకున్నాడని తర్వాత తెలిసింది. భూమిని నమ్ముకున్నవాడు చెడడంటారు, ఆ మాట టిప్పరువాళ్ల విషయంలో అక్షరాలా నిజం. ఆ గ్రావెల్‌నైనా ఒక్కసారి కుమ్మరిస్తే కుదరదు. జానెడు మందాన పొర పరవాలి, తడపాలి, దిమ్మిసతోనో రోలరుతోనో అణగ్గొట్టాలి, మళ్లీ పొర పరవాలి. ఇంత చేశాక కంటికి కనిపించేది చదునైన నేల. దానికి గృహప్రవేశం చేయలేం, కనీసం ఫోటో తీసి స్టేటస్‌ పెట్టలేం.

మొన్న ఊరినుంచి బాబాయి ఫోన్‌ చేశాడు. "ఒరే, ఇటుక కూడా పేర్చలేదటగా, బ్యాంకులో తెచ్చిన డబ్బంతా ఏం చేశావురా?"

"మొత్తం భూమిలోనే ఉంది బాబాయ్‌" అన్నాను.

మా ఆవిడ గభాల్న వచ్చి ఫోను లాక్కుంది. "గట్టిగా అనకండి! ఇన్‌కమ్‌ ట్యాక్స్‌ వాళ్లు వింటే మళ్లీ తవ్విస్తారు."