ముందు శాలువా, తర్వాతే రాయబారం

సికింద్రాబాద్‌లో హరిహర కళాభవన్ అయినా, మరో హాలైనా, ఔత్సాహికులు పద్యనాటకం పెడితే మొదట తెర లేచేది సన్మానాలకే. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగం’ నుంచి రాయబారం ఘట్టం ఒక్కటే ఆడతారు, టైం లేదంటారు. ఆ టైం ఎటు పోయిందో వేదిక మీది కుర్చీల వరసే చెబుతుంది. పగలంతా ఆఫీసు డ్యూటీ చేసి, సాయంత్రం ముఖానికి రంగేసుకున్న శ్రీకృష్ణుడు కిరీటం ఒళ్లో పెట్టుకుని తెర వెనక చెమటలు కక్కుతుంటాడు. ఇవతల ముఖ్య అతిథిగారి ‘రెండే రెండు ముక్కలు’ మూడోసారి మొదలవుతాయి.

దాతల్ని గౌరవించకపోతే హాలు అద్దె, హార్మోనిస్టు ఖర్చు ఎవరిస్తారని అడగొచ్చు. నిజమే, టికెట్ లేని నాటకానికి దాతే దిక్కు. అయితే ఆ శాలువాలేవో నాటకం అయ్యాక కప్పండి. అప్పటికి జనం ఉండరంటారా? అంటే వాళ్లు వచ్చింది పద్యం కోసమేనని (పాపం, కార్యదర్శిగారి నివేదిక కోసం కాదని) మీరే ఒప్పుకున్నట్టు. తెల్లవార్లూ నాటకం చూసి, రాగం నచ్చితే వన్స్‌మోర్ కొట్టిన జనం మనవాళ్లు. ఉపన్యాసానికి మాత్రం ఇంతవరకూ ఎవరూ కొట్టలేదు.