కిలో ఉబ్బిన విధంబెట్టిదనిన

ఆంధ్రప్రదేశ్ తూనికలు, కొలతల శాఖ నియంత్రణాధికారి వారి దివ్యసముఖమునకు,

విశాఖపట్నంలో ఆన్‌లైన్ వేలంపాటల ద్వారా తపాలా బిళ్ళలు, పాత నాణేలు, గ్రామఫోను రికార్డులు, లక్కబొమ్మలు మొదలుకొని లారీల కొద్దీ తుక్కు ఇనుము వరకు కొనేవారూ అమ్మేవారూ, పరస్పరం మాటలు మానివేసిన కారణంగా, ఒకే కాగితం మీద సమర్పించుకుంటున్న విన్నపం ఏమనగా:

తమ శాఖ పరిరక్షణలో ఉన్న కిలోగ్రాము సామాన్యమైనది కాదు. పారిస్ శివారులోని సెవ్ర్‌లో గాజు మూతల కింద దాచిన ప్లాటినం, ఇరిడియం మిశ్రలోహపు దిమ్మె 1889 నుంచి దానికి ప్రమాణంగా ఉండగా, 2019 మే 20 నుంచి ఆ గౌరవం ప్లాంక్ స్థిరాంకం అనే, విశ్వంలో ఎక్కడా మారదని శాస్త్రజ్ఞులు చెప్పే ఒక సంఖ్యకు సంక్రమించింది. ఇంత కట్టుదిట్టమైన కిలోగ్రాము నగరంలోని ప్రైవేటు కొరియరు కౌంటరు దాకా వచ్చేసరికి కాటాను విడిచి టేపుకు లొంగిపోతున్నది. అక్కడ పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, వచ్చిన లబ్ధాన్ని 5000తో భాగిస్తారు. అలా తేలిన అంకెను వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు, అంటే పెట్టె ఆక్రమించే చోటును బట్టి దానికి ఆరోపించిన బరువు. కాటా చూపిన బరువూ ఈ ఆరోపిత బరువూ పక్కపక్కన పెట్టి, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి కిరాయి కడతారు.

అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రతో తయారయ్యే లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి తమకు తెలియనిది కాదు. అంకుడు తేలిక కర్ర. బొమ్మలు విరగకుండా చుట్టూ కాగితం కుక్కవలసి ఉంటుంది కనుక పెట్టె పెద్దదవుతుంది. 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 25 ఎత్తు గల అట్టపెట్టెలో అన్నీ కలిపి కిలోన్నర సరుకు ఉన్నదనుకుంటే, పై సూత్రం ప్రకారం దాని బరువు ఆరు కిలోలు. తక్కిన నాలుగున్నర కిలోలు గాలివి. అదే పెట్టె విమాన సరుకు రవాణాలో వాడుకలో ఉన్న 6000 భాజకానికి దొరికితే అయిదు కిలోలకు దిగుతుంది, అంటే భాజకం మారగానే ఎవరూ ముట్టుకోకుండానే పెట్టెలోంచి ఒక కిలో మాయమవుతున్నదన్న మాట. ప్లాంక్ స్థిరాంకానికి ఈ విషయం ఎవరైనా తెలియజేశారో లేదో విన్నపదారులకు సమాచారం లేదు.

అయితే ఈ లెక్క మోసమని అనడానికి రేవు పట్టణంలో పుట్టిపెరిగినవారికి నోరు రాదు. 1933లో విశాఖ రేవు తెరుచుకునే నాటికే ప్రపంచమంతటా ఓడ కిరాయి ఈ పద్ధతిలోనే నడుస్తున్నది. విడి సరుకుకు ఒక టన్ను బరువు గానీ ఒక ఘనపు మీటరు చోటు గానీ, ఏది ఎక్కువైతే దానిని ఒక కిరాయి టన్నుగా ఎంచడం ఓడవర్తకంలో నేటికీ ఉన్న ఆచారం, ఎందుకంటే దూది బేళ్ళతో ఓడ గర్భం నిండిపోయినా ఓడ నీటిలోకి పెద్దగా దిగదు, ఇనుము వేస్తే గర్భం సగం నిండకుండానే దిగిపోతుంది. కనుక చోటుకు ధర కట్టడం న్యాయమే. న్యాయం కానిది మరొకటి ఉన్నది: ఓడవర్తకంలో ఈ లెక్క బేరానికి ముందు జరుగుతుంది, ఆన్‌లైన్ వేలంలో బేరం ముగిశాక జరుగుతున్నది.

బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవు నుంచి జపానుకు బయలుదేరిన రోజుల నుంచీ ఇక్కడి షిప్పింగు కార్యాలయాలలో గుమస్తాలకు సైతం కంఠస్థమైన అక్షరాలు కొన్ని ఉన్నాయి. ఎఫ్‌ఓబీ అంటే సరుకు ఓడెక్కేదాకా ఖర్చు అమ్మినవాడిది, ఆ తరువాత ఓడ కిరాయితో సహా అంతా కొన్నవాడిది. సీఐఎఫ్ అంటే చేరవలసిన రేవు వరకు కిరాయీ బీమా అమ్మినవాడే కట్టి ధరలో కలుపుకుంటాడు. అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో మొదటిసారి క్రోడీకరించిన ఇటువంటి నిబంధనలు 2020 నాటి కూర్పులో పదకొండు ఉన్నాయి. ధర చెప్పేటప్పుడే ఏ నిబంధన మీద చెబుతున్నారో చెప్పకపోతే ఆ ధరను ధరగా ఎవరూ లెక్కపెట్టరు. వేల టన్నుల ఖనిజానికి మూడక్షరాలతో తెగిపోయే విషయం, యాభై గ్రాముల తపాలా బిళ్ళల కవరుకు మూడు వారాల ఉత్తరప్రత్యుత్తరాలతోనూ తెగకపోవడం ఈ నగర ప్రతిష్ఠకు తగినది కాదు.

చట్టం మూగగా లేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 64వ సెక్షన్ ప్రకారం సుత్తి దెబ్బతో గానీ వాడుకలో ఉన్న మరో విధంగా గానీ పాట ముగిసినట్లు ప్రకటించగానే విక్రయం పూర్తవుతుంది. ఆన్‌లైన్ వేలంలో సుత్తి పని గడియారం చేస్తున్నది. వేరే ఒప్పందం లేనప్పుడు అమ్మిన వస్తువును అమ్మిన సమయంలో అది ఉన్న చోటనే అప్పగించాలని 36వ సెక్షన్ చెబుతుంది. దీనిని అక్షరాలా తీసుకుంటే సీతమ్మధారలో ఉన్న గ్రామఫోను రికార్డును జంషెడ్‌పూర్‌లో పాడుకున్నవారు సీతమ్మధారకు వచ్చి తీసుకుపోవలసి ఉంటుంది. అదే సెక్షన్ చివర, వస్తువును అప్పగించదగిన స్థితికి తెచ్చే ఖర్చు అమ్మినవాడిదని కూడా ఉన్నది. కాబట్టి కొన్నవారు ప్యాకింగు ఖర్చు అమ్మినవారిదంటారు, అమ్మినవారు బుడగల ప్లాస్టికు చుట్టడం రవాణా కోసమే గాని అప్పగింత కోసం కాదంటారు. ఉభయులూ చట్టాన్ని చదువుకున్నవారే కావడం వల్ల తగవు మరింత గట్టిపడింది.

ఈ సందు నుంచే వ్యాపారపు తెలివి లోపలికి వచ్చింది. 1995లో అమెరికాలో పుట్టిన ఈబే చాలా కాలం తన కమీషనును వస్తువు పాట ధర మీదనే తీసుకొని, రవాణా ఛార్జీని విడిచిపెట్టింది. అందువల్ల కొందరు అమ్మకందారులు వస్తువును నామమాత్రపు ధరకు పెట్టి, అసలు రాబడిని రవాణా గడిలో దాచుకున్నారు. చివరకు 2011లో రవాణా ఛార్జీ మీద కూడా కమీషను వేయడం మొదలుపెట్టి ఈబే ఆ సందు మూసింది. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అని తెలుగువారు ఏనాడో చెప్పినా, కొనేవారు గుమ్మడికాయను ఎందుకు చూడరన్న ప్రశ్న మాత్రం మిగిలింది. తంజిమ్ హొస్సేన్, జాన్ మోర్గన్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు ఈబేలో పాటల సీడీలూ వీడియో గేములూ స్వయంగా వేలం వేసి దీనిని పరీక్షించి, 2006లో ఫలితాలు ప్రచురించారు. నాలుగు డాలర్ల ప్రారంభ ధరతో, రవాణా ఉచితంగా ఒక వేలం. ఒక సెంటు ప్రారంభ ధరతో, 3.99 డాలర్ల రవాణాతో మరొక వేలం. జేబులోంచి పోయేది ఒకటే అయినా రెండో రకానికే పాటదారులు ఎక్కువగా వచ్చారు, మొత్తం రాబడీ దానికే ఎక్కువ. అయితే సీడీల విషయంలో రవాణా ఛార్జీ మరీ పెరిగినప్పుడు ఈ మాయ పనిచేయలేదు. మనిషి కన్ను కిరాయిని కొంతవరకే క్షమిస్తుందన్న మాట.

భారతదేశంలో ఈ రకపు వేలాలకు పేరు తెచ్చిన బాజీ డాట్ కామ్‌ను 2004లో ఈబే కొన్నది, ఆ ఈబే ఇండియా 2017లో ఫ్లిప్‌కార్ట్ చేతికి వచ్చి 2018 ఆగస్టులో మూతపడింది. వేదిక పోయినా వేలాలు పోలేదు. ఫేస్‌బుక్ గ్రూపులకూ వాట్సాప్‌కూ తరలిపోయాయి. అక్కడ కమీషను లేదు, మధ్యవర్తీ లేడు, ఫిర్యాదు పెట్టె కూడా లేదు. పాట ముగిశాక ‘షిప్పింగ్ ఎక్స్‌ట్రా’ అన్న రెండు మాటలు మాత్రం ఉన్నాయి.

విన్నపంలో అమ్మేవారూ భాగస్వాములే కనుక వారి గోడు కూడా చెప్పడం ధర్మం. ఇంటి దగ్గర తూచి, టేపు వేసి, లెక్క కట్టి కొన్నవారి దగ్గర కిరాయి తీసుకొని పెట్టె అప్పగించిన తరువాత, కొరియరు గోదాములో యంత్రం మళ్ళీ కొలుస్తుంది. అట్టపెట్టె నడుము కాస్త ఉబ్బినా బరువు తేడా పేరుతో అదనపు సొమ్ము అమ్మినవారి ఖాతాలో కోతపడుతుంది. ఆ తేడాను కొన్నవారిని అడగలేరు, అడిగితే మోసగాళ్ళవుతారు. కొన్నవారు పెట్టె తీసుకోకుండా తిప్పిపంపితే రానూపోనూ కిరాయి మళ్ళీ అమ్మినవారిదే. పాత పుస్తకాలు అమ్మేవారికి చవకగా ఉన్న రిజిస్టర్డ్ బుక్‌పోస్టు 2024 డిసెంబరులో పోయింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్‌పోస్టులో కలిసిపోయింది. కిరాయి పెరగడానికి అమ్మకందారు దురాశ ఒక్కటే కారణం కాదని కొన్నవారు ఈ కాగితం మీద, ఈ కాగితం మీద మాత్రమే, ఒప్పుకుంటున్నారు.

ఇదే నగరంలో తగవు లేకుండా వేలం నడవగలదనడానికి ఉక్కు కర్మాగారం ప్రహరీ దగ్గరకు పోతే చాలు. తుక్కు, పనికిరాని సామగ్రి వంటివి ప్రభుత్వరంగ సంస్థలు ఈ-వేలంలో అమ్మేటప్పుడు, ముఖ్యంగా 1964లో తుక్కు లోహ వ్యాపారం కోసమే ఏర్పడిన ఎంఎస్‌టీసీ ద్వారా అమ్మేటప్పుడు, ‘ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే’ అనే షరతు ముందే ఉంటుంది. లారీ కొన్నవాడిది, గడువులోగా సరుకు ఎత్తకపోతే పడి ఉన్న నేలకు అద్దె కొన్నవాడిది, బరువు వేబ్రిడ్జి చెప్పినది. అందుకే గాజువాక ఆటోనగర్ తుక్కు వ్యాపారి ముందు లారీ కిరాయి, లోడింగు కూలి తీసివేసి, మిగిలినది చూసుకొని పాట పాడతాడు. అతనికి ఆర్థికశాస్త్రవేత్తల ప్రయోగం అవసరం లేదు.

కస్టమ్స్ వేలంలోనైతే కిరాయికి ఆసనమే వేసి ఉన్నది. దిగుమతైన సరుకును ముప్పై రోజులలో విడిపించుకోకపోతే 1962 నాటి కస్టమ్స్ చట్టం 48వ సెక్షన్ కింద, యజమానికి నోటీసు ఇచ్చి, అధికారి అనుమతితో దానిని అమ్మవచ్చు. వచ్చిన సొమ్మును పంచే వరుస 150వ సెక్షన్ నిర్ణయించింది. మొదట వేలం ఖర్చులు, రెండోది ఓడ కిరాయి, ఆ తరువాతనే సుంకం, దాని వెనుక సరుకును కాపాడినవారి ఛార్జీలు. సర్కారు తన పన్నును కూడా ఓడవాడి వెనుక నిలబెట్టిన అరుదైన సందర్భం ఇది. కాకపోతే కిరాయి బాకీ ఉన్నదని సరుకును భద్రపరచినవారికి ఓడవాడు ముందుగా తెలియజేసి ఉండాలి. అక్కడా సూత్రం ఒక్కటే: చెప్పినవాడికే కిరాయి.

కొన్నవాడు, అమ్మినవాడు, మోసినవాడు అనే ముక్కోణపు తగవుకు ఈ రేవులో చరిత్ర కూడా ఉన్నది. మర్మగోవాలో సరుకు ఎక్కించుకున్న ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడ, కొన్నవాడు ధర చెల్లించలేదు కనుక సరుకు ఇవ్వవద్దని పంపినవారు చెప్పినా వినకుండా గమ్యంలో ఇచ్చివేసినదన్న ఆరోపణపై, 1984 ఏప్రిల్‌లో విశాఖ రేవుకు వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశంతో నిర్బంధానికి గురైంది. ఆ వివాదం మీదనే 1992లో సుప్రీంకోర్టు భారతీయ హైకోర్టుల నావిక న్యాయాధికారాన్ని విస్తృతంగా నిర్ధారించింది. మోసినవాడిని కూడా బోనులోకి పిలవవచ్చునని దేశానికి తెలియజెప్పిన రేవు ఇది. నేటి పార్సిలు తగవులలో కొన్నవారూ అమ్మినవారూ ఒకరినొకరు తిట్టుకుంటుండగా, గోదాములో కొలిచిన యంత్రాన్ని అడిగేవారు లేరు.

నియమాలు లేవా అంటే ఉన్నాయి. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు డెలివరీ, పోస్టేజి, హ్యాండ్లింగు ఛార్జీలతో సహా మొత్తం ధరను ఒకే అంకెగా, వివరాలతో చూపాలంటున్నాయి; ధరను విడతలు విడతలుగా బయటపెట్టే ఎత్తును 2023 నవంబరు నాటి మార్గదర్శకాలు నిషేధించిన పదమూడు డార్క్ ప్యాటర్న్‌లలో, అంటే కొనేవారిని దారి తప్పించే తెర మాయలలో, ఒకటిగా చేర్చాయి. అయితే ఆ ఈ-కామర్స్ నియమాలు వృత్తిగా కాక వ్యక్తిగత హోదాలో అప్పుడప్పుడు అమ్మేవారికి వర్తించవు. తిరిగి అమ్మడానికి కొనేవారిని 2019 చట్టం వినియోగదారులుగానే గుర్తించదు. ఆన్‌లైన్ వేలంలో చాలామంది మొదటి రకమో రెండో రకమో కావడం వల్ల, నియమాల గొడుగు కింద నిలబడినవారు కొద్దిమందే.

కావున తమకు ప్రార్థన. బరువులు, కొలతలు వ్యాపారంలో వాడేవారు వాటిని పరిశీలనకు సమర్పించి ముద్ర వేయించుకోవాలని 2009 లీగల్ మెట్రాలజీ చట్టం చెబుతున్నది. కిరాయి నిర్ణయించే టేపు కూడా కొలత సాధనమే కనుక, కూరగాయల కాటాల మీద చూపే శ్రద్ధలో కొంత డాబా గార్డెన్స్, గాజువాక కొరియరు కౌంటర్ల టేపుల మీదా, గోదాముల యంత్రాల మీదా చూపించవలసిందిగా మనవి. రసీదులో కిలోలు రాసిన చోట ఆ అంకె కాటా చెప్పినదా, టేపు చెప్పినదా స్పష్టం చేయించాలి. వేలం తెరిచేటప్పుడే పెట్టె కొలతలు, బరువు, కొనేవారి పిన్‌కోడుకు అయ్యే కిరాయి, తిప్పిపంపితే ఖర్చు ఎవరిదన్నది చూపాలనే నియమం, అప్పుడప్పుడు అమ్మేవారికి కూడా వర్తించేటట్లు తేవాలని, తమ శాఖ విషయాలు చూసే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల విభాగానికి సిఫారసు చేయాలి.

ఇట్లు, పాడుకొని చిక్కుకున్నవారు, అమ్ముకొని చిక్కుకున్నవారు, విశాఖపట్నం.

తాజా కలం: ఈ విన్నపాన్ని అమరావతికి పంపే స్పీడ్‌పోస్టు ఖర్చు ఎవరు భరించాలో ఉభయపక్షాల మధ్య తేలనందువల్ల దీనిని బహిరంగ లేఖగా ప్రకటించవలసి వచ్చింది.