ఫొటో 50 కేబీ మించరాదు

"ఇంకా నెట్ స్లో అనేవాళ్లున్నారాండీ? 5జీ వచ్చేసింది కదా!"

సర్కారు సైట్లు తయారుచేసే మేధావుల మాట ఇది. నిజమే, మాదాపూర్ ఏసీ గదిలో పేజీ రెప్పపాటులో తెరుచుకుంటుంది. అక్కడా తెరుచుకోకపోతే జీతాలెందుకు?

ఇప్పుడు దర్శిలో ఏ పాత నెట్ సెంటరుకైనా రండి. విండోస్ 7 డబ్బా. దానికి క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది, 2023 తర్వాత కొత్తది ఎక్కదు. పొలం కాగితం 1బి కోసం వచ్చిన మిరప రైతును స్టూలు మీద కూర్చోబెట్టి కుర్రాడు సైటు కొడతాడు. భూమి వివరాల కంటే ముందు నాయకుల బొమ్మలు దిగాలి. అదీ పైనుంచి కిందికి, మెల్లగా.

"ఏందబ్బాయ్, వచ్చిందా?"

"నుదుటి దాకా వచ్చింది బాబాయ్. నవ్వు ఇంకా రాలేదు."

నవ్వు వచ్చేసరికి సెషన్ అయిపోతుంది. మళ్లీ మొదటికి. మళ్లీ ఓటీపీ. ఆ ఓటీపీ వచ్చే ఫోనేమో ఇంటి దగ్గర కొడుకు చేతిలో ఉంటుంది.

సెకనుకు 40 కిలోబిట్లు వచ్చే చోట 5 ఎంబీ పేజీ దిగాలంటే పదహారు నిమిషాల పైమాటే. ఇది మేధావులకు తెలియని లెక్క కాదు. పొదుపు పాఠం మనకు చెప్పేది వాళ్లే. ఐబీపీఎస్ బ్యాంకు ఉద్యోగాల దరఖాస్తు చూడండి: ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ. ఒక్క కేబీ మించినా గెంటేస్తుంది. సైజు తగ్గించినందుకు నెట్ సెంటరుకు విడిగా చెల్లించాలి. మన మొహానికి 50 కేబీ చాలు, బ్యానర్లో మొహాలకు మాత్రం ఎంబీలు కావాలి. ఈ శ్రీరంగనీతులకు ఏ టెండరులో మార్కులు వేశారో!

"దర్శి నుంచి ఒక్క ఫిర్యాదూ లేదే" అంటారు. ఫిర్యాదు పేజీ తెరుచుకుంటే కదా స్వామీ! యూట్యూబ్‌లో పనిచేసిన క్రిస్ జకరియాస్ 2012లో రాసిన సంగతొకటుంది. 1.2 ఎంబీ వీడియో పేజీని ఆయన 98 కేబీకి దించాడు. పేజీ తెరుచుకునే సగటు సమయం తగ్గకపోగా పెరిగింది. తీరా చూస్తే, అంతకుముందు ఇరవై నిమిషాలకు పైగా పట్టి విసిగిపోయిన ఆఫ్రికా, ఆగ్నేయాసియా జనం ఇప్పుడు రెండు నిమిషాల పైచిలుకులో తెరవగలిగి లెక్కలోకి వచ్చారు. అప్పటిదాకా వాళ్లు లేనట్టే. మన పత్తి రైతులూ ఆ లేనివాళ్ల జాబితాలోనే ఉన్నారు.

నెట్ లేకపోతే సినిమా ఒకటి పోతుంది, పోనీ. పత్తి పోతే? 2025లో పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ కపాస్ కిసాన్ యాప్ తెచ్చింది. పేరు నమోదు, స్లాటు అన్నీ అందులోనే. ఆ సీజనులో పొడవు పింజ పత్తికి క్వింటా మద్దతు ధర 8,110 రూపాయలు. అది చేతికి రావాలంటే ముందు చక్రం తిరగడం ఆగి తెర తెరుచుకోవాలి. లేదంటే ఇంటి ముందుకొచ్చిన వ్యాపారి చెప్పిందే రేటు. ఆయనకు ఓటీపీ అక్కర్లేదు.

అయ్యా, మీ 5జీ మీ దగ్గరే ఉంచుకోండి. మాకు పెట్టిన నిబంధనే మీ హోం పేజీకీ పెట్టండి. 50 కేబీ కష్టమైతే వంద చేసుకోండి, మేం మీ అంత కఠినం కాదు. బొమ్మలు తీసేసి అడంగల్, 1బి ముందు పెట్టండి. బిల్లు పాస్ చేసే ముందు ఆ కాంట్రాక్టరును దర్శి పంపి, విండోస్ 7 డబ్బా మీద ఒక్క 1బి తీసి చూపించమనండి. అది చేతికొచ్చాకే చెక్కు మీద సంతకం పెట్టండి.