చాప–చల్ల వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: ఒరేయ్ చిన్నోడా! చాప చుట్టేసి, చెంబుతో చల్ల తే.

అవతారిక: వేళ మధ్యాహ్నం. వక్త తల్లి. శ్రోత రెండుసార్లు పిలిచినా పలకని కొడుకు. ఛందస్సు లేదు, ఓపికా లేదు.

ప్రతిపదార్థం: చిన్నోడా = ఫోనులో తల దూర్చినవాడా; చాప = నువ్వు దొర్లి లేచినదానిని; చుట్టేసి = నేనొచ్చి చుట్టకముందే చుట్టి; చెంబుతో = గ్లాసు చాలదు గనుక చెంబు నిండా; చల్ల = మజ్జిగను; తే = తెమ్ము. ‘ఒరేయ్’ సంబోధనం, గొంతు పెరిగితే హెచ్చరిక.

టీక: ఇందు చకారాలు ఐదు. రాత ఒకటే, పలుకుబడి రెండు. చిన్నోడు, చెంబులలో నాలుక అంగిలిని తాకుతుంది, అది తాలవ్యం. చాప, చుట్టు, చల్లలలో పైపళ్ల మొదటికి జరిగి ‘త్స’కు దగ్గరగా పలుకుతుంది, అది దంత్యం. పక్కనున్న అచ్చు ఏదో చూసి నాలుక చోటు మార్చుకుంటుంది. ఇ, ఎ లకు తాలవ్యం, అ, ఉ, ఒ లకు దంత్యం. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ఈ నియమం చెప్పింది. తల్లి దాన్ని చదవలేదు, తప్పనూ లేదు.

ఆక్షేపణ: ‘చక్రం’లో అకారమున్నా తాలవ్యమేల? సమాధానం: అది సంస్కృతం నుంచి వచ్చిన చుట్టం, పుట్టింటి అలవాటు మానలేదు. అందుకే కింద పరిచే చాప దంత్యం, శివుడి చాపం తాలవ్యం.

మరి ‘వచ్చాడు’ మాటేమిటి? అచ్చ తెలుగే, ఆకారమే, అయినా తాలవ్యం! ఇది గట్టి ఆక్షేపణ, తొందరపడరాదు. ‘వచ్చినాడు’ కుదించుకుని ‘వచ్చాడు’ అయింది. కాగితం మీద ఆకారమే గాని, నోట పలికేది ఆ–ఏల నడిమి అచ్చు. పోయిన ఇకారం వాసన అందులో మిగిలింది. చకారం దాన్ని పసిగట్టి అంగిలిని వదలలేదు. ఇక్కడ నమ్మవలసింది నాలుకను, రాతను కాదు.

విశేషం: దంత్యాన్ని చూపడానికి ‘ౘ’ అనే గుర్తు ఒకటుంది. నిఘంటువులు దాటి చాలామంది దాన్ని ఎరగరు. ఇంట్లో తెలుగు విన్నవాడికి నష్టం లేదు. పుస్తకంలో నేర్చుకునేవాడి గతి దేవుడికెరుక. ‘చాలా చల్లగా’ను ఆసాంతం అంగిలితో చదివే టీవీ కంఠాలను మాత్రం ఈ వ్యాఖ్యాత క్షమించడు.

తాత్పర్యం: ఓ కుమారా, లే, చాప చుట్టు, మజ్జిగ తే. పాఠకులు ‘చాలు’ అని ఒకసారి పైకి అని, నాలుక ఎక్కడ తగిలిందో చూసుకోవలెను. అంగిలికి తగిలినచో టీవీ కాస్త తగ్గించవలెను.