ఎగ్మూరులో అద్దెకున్న అమరావతి

షోళింగనల్లూరులో స్థిరపడిన, అనగా రెండేళ్లకొక ఇల్లు మారుతూ స్థిరపడిన, తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు చెన్నై నగరమంటే పాత మహాబలిపురం రోడ్డే. అక్కడికి పాతిక కిలోమీటర్ల దూరాన ఎగ్మూరులో ప్రభుత్వ మ్యూజియం ఉన్న సంగతి, ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులకు బీచీ, మాలూ చూపించడం పూర్తయి, తిరుగు రైలుకు ఇంకా ఒక పూట మిగిలినప్పుడు గాని వారికి స్ఫురించదు. ఆ రోజు శుక్రవారమైతే సంకల్పం గేటు దగ్గరే ఆగుతుంది. మ్యూజియానికి సెలవు ఆనాడే.

అక్కడి పేరుమోసిన కట్టడాలలో రెండింటిని కళ కోసం కట్టనే లేదు. పాంథియన్ అనేది 18వ శతాబ్ది చివర తెల్లదొరలు విందులకూ నృత్యాలకూ ఏర్పరచుకున్న వినోదశాల. 1851లో కాలేజీ రోడ్డులో పుట్టిన మ్యూజియం 1854లో అందులోకి మారింది. తొలి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫోర్ అనే వైద్యుడు రాళ్లూ శిలాజాలతో పాటు ప్రాణమున్న జంతువులను కూడా పెంచాడు. 1863లో వాటిని పీపుల్స్ పార్కుకు తరలించారు గనుక, ఈ లోగిలిలో ముందుగా గదులు ఖాళీ చేసినవి జంతువులే.

రెండవది ఇండో-సారసెనిక్ శైలి భవనం. ఇంగ్లీషు ఇంజనీరు గీసిన ప్లాను మీద మొగలాయి కమానులూ గుమ్మటాలూ లేపే పద్ధతికి ఆ పేరు. హెన్రీ ఇర్విన్ రూపకల్పన చేయగా, తాటికొండ నంబెరుమాళ్ శెట్టి కట్టించిన ఆ భవనానికి 1906లో వేల్స్ యువరాజు పునాదిరాయి వేశాడు. 1909లో అది విక్టోరియా టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌కు నెలవైంది, 1951లో నెహ్రూ ప్రారంభించగా నేషనల్ ఆర్ట్ గ్యాలరీ అయింది. తరువాత భవనానికే వైద్యం అవసరమై ఏళ్ల తరబడి మూతపడడంతో, రవివర్మ చిత్రాల కోసం వచ్చినవారు గులాబి రంగు ముఖద్వారం ముందు ఫోటో దిగి, కళాదర్శనం అయిందనిపించుకున్నారు.

ఫోటోల ప్రసక్తి వచ్చింది గనుక కంచు విగ్రహాల విభాగాన్ని విస్మరించరాదు. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి కాల్చి, మైనం కరిగిపోగా ఏర్పడిన ఖాళీలో లోహం పోసి తీసిన తిరువాలంగాడు నటరాజు అక్కడ ఉన్నాడు. మద్రాసుకు రాకుండానే, కేవలం ఫోటోలు చూసి, ఫ్రెంచి శిల్పి రోడాన్ 1913లో ఆ మూర్తి అంగాంగ సౌష్ఠవాన్ని వర్ణిస్తూ వ్యాసం రాశాడు. నేటి సందర్శకుడు టికెట్టు కొని స్వయంగా వచ్చి, స్వామికి వీపు చూపి నిలబడి, సెల్‌ఫోన్ పైకెత్తుతాడు.

తెలుగువారి అసలు చుట్టాలు మాత్రం అమరావతి గ్యాలరీలో ఉన్నారు. 1845లో గుంటూరు సీమలో అధికారిగా ఉన్న వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించి మద్రాసుకు పంపిన బౌద్ధ స్తూపపు పలకలు చాలాకాలం ఆరుబయట ఎండకూ వానకూ పడివున్నాయి. వాటిలో 121 పలకలు 1859లో ఓడెక్కి లండన్ చేరగా, 1867లో ఫెర్గూసన్ అనే పండితుడి కంటబడేనాటికి కొన్ని బగ్గీల షెడ్డులో ఉన్నాయి. ఎగ్మూరులో మిగిలినవాటిని ఆ తరువాత గోడలకు సిమెంటుతో బిగించారు. ఏ అద్దె ఇంటి యజమానీ గోడకు మేకు సైతం కొట్టనివ్వడన్నది ఇక్కడ స్మరణీయం.

ఆ పలకలలో నాలాగిరి ఏనుగు కథ చెక్కిన వలయం ముందు పది నిమిషాలు నిలబడడం ఉత్తమం. ఒకే వలయంలో ఒకే ఏనుగు రెండుసార్లు కనబడుతుంది: ఎడమవైపు వీధిలో జనాన్ని తొక్కుతూ, కుడివైపు బుద్ధుని పాదాల ముందు మోకరిల్లి. నడుమ ఒక స్త్రీ భయంతో పక్కవాణ్ణి కరచుకుంటుంది. ఇంత కల్లోలంలోనూ మేడ కిటికీల నుంచి తలలు బయటపెట్టి తీరిగ్గా చూస్తున్నవారిని గమనిస్తే, ట్రాఫిక్ ఆగిందంటే బాల్కనీలోకి వచ్చే షోళింగనల్లూరు అపార్ట్‌మెంట్లవారి వంశవృక్షం దొరికినట్టే.

ఈ శిల్పాన్ని ఫోటో తీసి గుంటూరులోని అమ్మమ్మకు పంపినవారికి అందరికీ దాదాపు ఒకే జవాబు వస్తుంది: "బాగానే ఉంది గానీ నాయనా, అమరావతి మన పక్కనేగా, పుట్టినప్పటినుంచీ ఒక్కసారన్నా పోదాం రమ్మంటే వచ్చావా?"