హాల్లోంచి వంటింటికి, వయా ఇండియా

మా తులసి మొక్కకు నీళ్లు పొయ్యమని చెప్పినందుకు నాకు 30 రూపాయలయింది. నీళ్లకు కాదు, చెప్పినందుకు.

జరిగిందేమిటంటే, పోయిన వేసవిలో మా ఆవిడా నేనూ డాలస్‌లో ఉన్న పెద్దబ్బాయి దగ్గరికి వెళ్లాం. కోడలికి నెలలు నిండాయి. ఆవకాయ, వసకొమ్ము, బాలింత కారం, కాటన్ చీరల బొంతలు అన్నీ తూకం వేసి సర్దుకున్నాం. ఫోను సంగతి వచ్చేసరికి మా కాలనీ వాకింగ్ మిత్రులు ఏకగ్రీవంగా తీర్మానించారు: "డేటా ఆపెయ్యండి. కొంపలు ముంచేది డేటాయే." సరేనని శంషాబాద్‌లో విమానం ఎక్కే ముందే డేటా పీక నొక్కేశాను. డాలస్‌లో దిగి, మావాడి కారులో కూర్చుని, బుద్ధిమంతుడిలా మా తమ్ముడి కొడుక్కి ఒక ఎస్సెమ్మెస్ కొట్టాను.

"క్షేమంగా చేరాం. పెద్దోడు వచ్చి తీసుకెళ్లాడు. పాలవాడికి వద్దని చెప్పు. తులసి మొక్కకు నీళ్లు పొయ్యడం మర్చిపోకు."

మీకిది ఒక మెసేజి. కంపెనీకి రెండు. ఎలాగో చెబుతాను, ఇది నేను కష్టపడి సంపాదించిన జ్ఞానం. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లీషులో రాస్తే 160 అక్షరాలొస్తాయి, తెలుగులో రాస్తే 70. అది దాటితే ముక్కలు కోస్తారు. ముక్కల్ని అవతల మళ్లీ అతికించడానికి గుర్తులు పెట్టాలి కనక ముక్కకు 67 మాత్రమే మిగులుతాయి. పైగా అక్కడ అక్షరమంటే మనం పలక మీద దిద్దిన అక్షరం కాదు. గుణింతానికి వేరే లెక్క, ఒత్తుకు వేరే లెక్క. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం, వాళ్లకు ఆరు. 1985లో జర్మనీలోని బాన్ నగరంలో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే ఇంజనీరు టైపురైటర్ ముందు కూర్చుని, తోచిన వాక్యాలు కొట్టి చూసుకుని, జనం రాసే పోస్టుకార్డులు కూడా చూసి, మనిషి చెప్పదలుచుకున్న మాటకు 160 అక్షరాలు సరిపోతాయని తేల్చాడట. ఆయన మా ఆవిడ రాసిన పోస్టుకార్డులు చూసి ఉండడు.

నా మెసేజి మొత్తం 109 వచ్చింది. కంపెనీ కత్తి 67 దగ్గర ఎక్కడ పడిందా అని వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాను. సరిగ్గా "చెప్పు" అన్న మాట మీద పడింది. పకారం దాకా మొదటి ముక్కలో ఉండిపోయింది, కొమ్ము రెండో ముక్కలోకి పోయింది. పరాయి దేశంలో కాలు పెట్టి గంట కాకముందే నా చెప్పు తెగిందన్నమాట. ముక్కకు 15 చొప్పున 30 రూపాయలు. ఆ అతుకు అవతలివాడికి కనబడదు. బిల్లు కట్టేవాడికే కనబడుతుంది.

ఇంతకీ ఈ 140 బైట్లను మోసినందుకు వాళ్లకు పడే కష్టమెంత? ఫోను పనిచెయ్యాలంటే టవరుతో ఎప్పుడూ గుసగుసలాడుతూనే ఉండాలి: ఇక్కడున్నాను, ఇటొచ్చాను, కాల్ వస్తే ఇటు పంపు అని. ఆ గుసగుసల దారిలోనే ఎస్సెమ్మెస్ కూడా వెళ్తుంది. దానికోసం ప్రత్యేకంగా రోడ్డు వెయ్యలేదు. వెనకటికి మా ఊళ్లో, ఎలాగూ టౌనుకు వెళ్లే బస్సు కదా అని డ్రైవరు జేబులో చీటీ పెట్టి "మా బావకివ్వు నాయనా" అనేవాళ్లం. ఇదీ అంతే. ఆ డ్రైవరు చీటీకి లారీ కిరాయి అడగలేదు, టీకి డబ్బులిస్తే మొహమాటపడేవాడు.

లెక్క వేశాను. పనిలేని ముసలివాణ్ణి, వేస్తాను. 140 బైట్లకు 15 రూపాయలైతే ఒక ఎంబీకి లక్షా పన్నెండు వేల పైచిలుకు. ఒక జీబీకి పదకొండున్నర కోట్లు. అదే జీబీ ఇంటిదగ్గర ఇంచుమించు పది రూపాయలకు దొరుకుతుంది, మా వీధి కుర్రాడు దాన్ని రీల్స్‌లో తగలేసి మధ్యాహ్నానికల్లా ఇంకోటి అడుగుతాడు. నాకంటే ముందే ఇలాంటి లెక్క వేసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. బ్రిటన్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అంతరిక్ష శాస్త్రవేత్త నైజెల్ బానిస్టర్. హబుల్ టెలిస్కోపు నుంచి భూమికి సమాచారం దించే ఖర్చు కంటే, సెల్‌ఫోన్లో అంతే సమాచారం ఎస్సెమ్మెస్‌లుగా పంపితే కనీసం నాలుగు రెట్లు ఎక్కువవుతుందని 2008లో తేల్చాడు. అదీ సొంత దేశంలో పంపుకునే 5 పెన్నీల మెసేజికి. నేనున్నది డాలస్‌లో. తులసి మొక్క గురించి నక్షత్రాల్లో రాసి చదువుకోమన్నా చవకయ్యేదేమో.

ఇక హాలూ వంటిల్లూ సంగతి. మనవడు పుట్టాడు. వాడు నిద్రపోతే ఇల్లంతా ఊపిరి బిగబట్టాల్సిందే, కేకలు నిషేధం. వాట్సాప్ చేద్దామంటే మా ఆవిడ ఫోన్లో చుట్టాల గ్రూపుల శుభోదయాల కింద నా మాట సమాధి అయిపోతుంది. అంచేత సోఫాలో కూర్చుని "కాఫీ" అని ఎస్సెమ్మెస్ పెట్టేవాణ్ణి. ఆ మాట ఎటు తిరిగి వెళ్లిందో తర్వాత తెలిసింది. సిమ్ ఏ దేశం కాపురానికి వెళ్లినా తన గోడు ముందు పుట్టింటికే చెప్పుకుంటుంది. డాలస్ టవర్ నుంచి ఇండియాలో మా కంపెనీ మెసేజి కేంద్రానికి వెళ్లింది. ఈవిడ ఎక్కడున్నారని అక్కడ విచారించారు. డాలస్‌లో ఉన్నారని తెలిసింది. మళ్లీ డాలస్‌కు పంపారు. ముక్కెక్కడుందంటే తల చుట్టూ తిప్పి చూపించడమని మనవాళ్లు ఊరికే అన్నారా? ఇక్కడ భూమి చుట్టూ తిప్పారు. కాఫీ మాత్రం పదడుగులు నడిచి వచ్చింది, చల్లారకుండా.

ఇవన్నీ నేను పంపినవి, ఒప్పుకుంటాను. పంపనివీ ఉన్నాయి. హైదరాబాద్ ఇంటి కరెంటు బిల్లు కడదామని యూపీఐ యాప్ తెరిస్తే, నువ్వు నువ్వేనా అని దానికి అనుమానమొచ్చింది. సిమ్ నుంచి తనే ఒక ఎస్సెమ్మెస్ పంపి రుజువు చేసుకుంటానంది. పంపింది, కుదరలేదంది, మళ్లీ పంపింది, మళ్లీ కుదరలేదంది. తల గోక్కుంటూ నేను చూస్తూండగా నా పేరు మీద, నా ఖర్చుతో, నాకు అర్థంకాని భాషలో నా ఫోను ఇండియాకు ఉత్తరాలు రాసింది. మావాడి స్నేహితుడు ఓదార్చాడు: "ఐఫోన్ కూడా అంతే అంకుల్, ఐమెసేజ్ ఆన్ చేస్తే చెప్పాపెట్టకుండా ఒక ఎస్సెమ్మెస్ పంపుకుంటుంది." ఇంట్లో పిల్లిని పెంచితే పాలు మాత్రమే తాగుతుంది.

బిల్లు వచ్చింది. ఎస్సెమ్మెస్ పద్దు 1,065 రూపాయలు. అంటే 71 ముక్కలు. తిరిగొచ్చాక కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను.

"మీ సమస్య నాకు అర్థమైంది సార్. అది ఫారిన్ ఆపరేటర్ చార్జ్ సార్, మా చేతుల్లో ఏం లేదు."

"మరి డబ్బులు మీ చేతుల్లో పడుతున్నాయి కదమ్మా?"

"మీరు ప్యాక్ వేసుకోవాల్సింది సార్. టారిఫ్ వెబ్‌సైట్‌లో ఉంది సార్."

"డేటా ఆపేసి కారులో కూర్చున్నవాడు వెబ్‌సైట్ ఎలా చూస్తాడమ్మా?"

"ఇంకేమైనా సహాయం కావాలా సార్?"

ఆ పిల్లది తప్పేం లేదు. కాగితం మీద రాసిచ్చింది చదివింది. ఫోన్ పెట్టగానే, మా సేవ ఎలా ఉందో 1 నుంచి 5 దాకా అంకె వేసి ఎస్సెమ్మెస్ చెయ్యండని ఎస్సెమ్మెస్ వచ్చింది.

ఈ "ఫారిన్ ఆపరేటర్" అనే దయ్యాన్ని కాసేపు చూడాలి. మన కంపెనీ సిమ్ ఉన్నవాళ్లు వెళ్తే అక్కడి కంపెనీ రేటు నిర్ణయిస్తుంది, అక్కడివాళ్లు వస్తే ఇక్కడి కంపెనీ నిర్ణయిస్తుంది. ఇద్దరూ కూర్చుని రాసుకున్న ఒప్పందమే. మావాళ్లు మీ ఊరొస్తే మీరు బాదండి, మీవాళ్లు మా ఊరొస్తే మేం బాదుతాం: వియ్యంకుల మర్యాద. నిలదీస్తే ఎవరికివారు పక్కింటి వైపు చెయ్యి చూపిస్తారు.

యూరప్‌లో కూడా ఇదే పాట పాడారు. దూరం, సరిహద్దు, పరాయి నెట్‌వర్కు అన్నారు. వివియన్ రెడింగ్ అనే ఆవిడ యూరోపియన్ కమిషన్‌లో కూర్చుని ఈ పాట వినను పొమ్మంది. 2007లో కాల్స్‌కు హద్దు పెట్టారు. 2009 జూలై 1 నుంచి రోమింగ్‌లో పంపే ఎస్సెమ్మెస్ పన్ను కాకుండా 11 యూరో సెంట్లు దాటకూడదన్నారు. 2017 జూన్ 15 నుంచి యూరోపియన్ యూనియన్‌లో మామూలు వాడకానికి అదనపు చార్జీయే తీసేశారు. ఆ రోజు లిస్బన్‌కూ వార్సాకూ మధ్య దూరం ఒక్క అంగుళం తగ్గలేదు. టవర్లు కూలలేదు, కంపెనీలు దివాలా తియ్యలేదు. కనక ఆ డబ్బు దూరానికి కాదు. దిక్కులేనితనానికి. ఊరు కాని ఊళ్లో ఇంకో దారి లేదు వీడికి, అన్న ధీమాకు.

మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా 2020లో ఈ "బిల్ షాక్" మీద సిఫార్సులు చేసింది. సిఫార్సు అంటే ఏమిటో పెళ్లిసంబంధాలు చూసినవాళ్లందరికీ తెలుసు.

అసలు విమానం ఎక్కకుండా కూడా విదేశం వెళ్లొచ్చు. కాశీ చూసుకుని రామేశ్వరం వెళ్లిన మనవాళ్లు ధనుష్కోడి కొసదాకా వెళ్తే ఒక్కోసారి శ్రీలంక నెట్‌వర్కు స్వాగతం పలుకుతుంది. రాముడంతటివాడు వారధి కట్టుకుని దాటిన సముద్రాన్ని సిమ్ కార్డు హనుమంతుడిలా ఒక్క దూకులో దాటేస్తుంది. అక్కడికెళ్లేవాళ్లు రోమింగ్ ఆపి ఉందో లేదో చూసుకోండి. సంకల్పం చెప్పుకునేటప్పుడు దేశం పేరు సరిగ్గా చెప్పినా బిల్లులో తప్పు పడొచ్చు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. 2013 జూలైలో మూతపడిన మన టెలిగ్రాఫ్ ఆఫీసులో గుమస్తా మాటలు లెక్కపెట్టి, ఇంతవుతుంది, పంపమంటారా అని అడిగేవాడు. మనం రెండు మాటలు కొట్టేసుకునేవాళ్లం. నా చెప్పును 67 దగ్గర తెలివిగా కొయ్యగలిగిన యంత్రానికి ఆ ఒక్క ప్రశ్న అడగడం చేతకాదా? "ఇది రెండు ముక్కలు, 30 రూపాయలు, పంపమంటారా?" పంపు నొక్కే ముందు తెర మీద ఈ ఒక్క వాక్యం కనబడాలని ట్రాయ్ కంపెనీలకు ఆజ్ఞ వెయ్యాలి. సిఫార్సు కాదు, ఆజ్ఞ.

అన్నట్టు, మేం తిరిగొచ్చేసరికి తులసి నిలువునా ఎండిపోయి ఉంది. మెసేజి అందలేదట్రా అని మా తమ్ముడి కొడుకుని అడిగాను. ఫోను తీసి కిందికి కిందికి జరిపి, బ్యాంకు లోన్ల ప్రకటనల మధ్య నుంచి దాన్ని బయటికి తీశాడు. అప్పటిదాకా తెరవనే లేదు.

"ఈ రోజుల్లో ఎస్సెమ్మెస్‌లు ఎవరు చూస్తారు పెదనాన్నా?" అన్నాడు.